మంచులో మోగే గంట

పుష్య మాసంలో సిద్దిపేట మీద పొగమంచు దిగినప్పుడు ముందుగా పోయేది దూరం. కోమటి చెరువు కట్ట ఎక్కితే అవతలి గట్టు ఉండదు. రంగనాయక సాగర్ నడుమనున్న గుట్ట ఉండదు. రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దిక్కు నుంచి వస్తున్న లారీకి ఒళ్ళుండదు, రెండు పసుపు మరకలు మాత్రం గాలిలో తేలుతూ వస్తాయి. ఆ వేళ మనిషికి దిక్కు చెప్పేవి చప్పుళ్ళే. పాలబండి హారన్, ఎవరో దగ్గిన దగ్గు, ఎక్కడో గుడి గంట. చూపు ఆగిపోయిన చోటి నుంచి వినికిడి బయలుదేరుతుంది.

ఆ వినికిడికి ఈ దండకం. మంచులో దారి తప్పిన ఓడకు దండం. దిబ్బనెక్కి కదలలేక నిలిచిన ఓడకు దండం. దాన్ని వెతుక్కుంటూ కానరాని నీళ్ళలోకి పడవ దింపిన మనిషికి దండం. ఆ ఇద్దరి నడుమ మోగిన గంటకు వేయి దండాలు.

సముద్రం లేని జిల్లావాళ్ళకు ఓడల గోడు ఎందుకని అడిగేవాళ్ళుంటారు. మా కూడవెల్లి వాగు మానేరులో కలుస్తుంది. మానేరు గోదావరిలో కలుస్తుంది. గోదావరి పాయలు పాయలై సముద్రంలో కలుస్తుంది. ఇక్కడి గుట్టల మీద పడ్డ చినుకు ఏనాడూ సముద్రాన్ని మరవలేదు. 2020లో ఆ నడక వెనక్కి కూడా తిరిగింది. ఎత్తిపోతల మోటార్లు గోదావరిని మెట్టు మెట్టుగా పైకి తెచ్చి రంగనాయక సాగర్‌లో పోశాయి, కొండపోచమ్మ సాగర్‌లో పోశాయి. ఆ తరువాత 50 టీఎంసీలు పట్టే మల్లన్న సాగర్ వచ్చింది. దాని అడుగున ఊళ్ళున్నాయి, వాటి వాకిళ్ళున్నాయి. ఆ నీళ్ళ మీద చలిరాత్రి పుట్టే మంచును చూసినప్పుడల్లా నాకు ఈ నది చివరన ఉన్న సముద్రమే గుర్తొస్తుంది. నది మాదైనప్పుడు నది నోట చిక్కుకున్న ఓడ మాకు పరాయిది ఎట్లా అవుతుంది?

మా మంచు మెత్తనిది. ఆకాశం తేటగా ఉండి గాలి నిలిచిపోయిన రాత్రి, నేల పగలంతా దాచుకున్న వేడిని పైకి వదిలేస్తుంది. నేలనంటిన గాలి చల్లబడి, తన తడిని తానే మోయలేక సన్నని బొట్లుగా విడుస్తుంది. పొద్దెక్కితే చాలు, మంచు పలచబడి పోతుంది. నడిసముద్రపు మంచు అట్లాంటిది కాదు. వెచ్చని తడిగాలి చల్లని నీటి మీదికి నడిచొచ్చినప్పుడు అది పుడుతుంది. దానికి సూర్యుడితో పనిలేదు. మిట్టమధ్యాహ్నమూ ఉంటుంది, గాలి వీస్తున్నా ఉంటుంది, రోజుల తరబడి ఉంటుంది. న్యూఫౌండ్‌లాండ్ దగ్గర లాబ్రడార్ చలి ప్రవాహమూ గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చదనమూ ఎదురుపడే చోట ఓడలకు తరతరాల భయం అది. మన బంగాళాఖాతం వెచ్చని నీరు కనుక అంతటి మంచు ఇక్కడ అరుదు. చలికాలం రాత్రి డెల్టా పొలాల మీద, ఉప్పుటేళ్ళ మీద పుట్టిన మంచు తెల్లవారుజామున ఒడ్డు దాటి నీటి మీదికి జారుతుంది. సరిగ్గా వేట పడవలు బయలుదేరే వేళకు.

వాతావరణ శాస్త్రం లెక్కలో చూపు 1,000 మీటర్ల లోపే ఆగిపోతే అది పొగమంచు. పూర్తి వేగంతో పోతున్న పెద్ద సరుకు ఓడ, ఇంజన్‌ను వెనక్కి తిప్పినా, ఆగడానికి అంతకంటే ఎక్కువ దూరమే తీసుకుంటుంది. అంటే కళ్ళకు కనిపించే సరికే ఆలస్యమైపోయింది. సముద్రపు మంచులోని భయమంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

ఆ భయానికి నావికులు ఒక భాషను పుట్టించుకున్నారు. సముద్రంలో ఓడలు ఢీకొనకుండా 1972లో లోకమంతా కలిసి ఒప్పుకున్న నియమాలలో 35వది ఆ భాష. కదులుతున్న మరఓడ రెండు నిమిషాలు దాటకుండా ఒక్కో దీర్ఘమైన కూత వేయాలి. ఆ కూత నాలుగు నుంచి ఆరు సెకన్లు సాగాలి. ఇంజన్ ఆపి నీటి మీద నిలిచిన ఓడ రెండు దీర్ఘమైన కూతలు వేయాలి. వల వేసి చేపలు పడుతున్న పడవ ఒకటి దీర్ఘంగా, రెండు పొట్టిగా కూయాలి. లంగరు వేసిన ఓడ నిమిషానికోసారి ఐదు సెకన్ల పాటు గంటను గబగబా మోగించాలి.

ఇక నేలకు తగిలి, దిబ్బ మీద చిక్కి, తనంతట తాను కదలలేని ఓడ ఉందే, దానికి వేరే పిలుపు. గంట మీద విడివిడిగా, స్పష్టంగా మూడు దెబ్బలు. వెంటనే గబగబా గంట. మళ్ళీ మూడు దెబ్బలు. నిమిషం గడవకముందే మళ్ళీ అదే. మంచు విడిచేదాకా, చేతులు తిమ్మిరెక్కినా, ఒకరి చేయి మరొకరు అందుకుంటూ అదే.

నియమాల పుస్తకాలలో ఇంతకంటే కరుణగల మాట నేను చదవలేదు. ఆ ఓడ అడుగు చీలి ఉండవచ్చు. లోపల నీళ్ళు పైకి వస్తూ ఉండవచ్చు. అయినా దాని మొదటి కర్తవ్యం ఎదుటివాడిని కాపాడడమే. నేనిక్కడ మెరకకు తగిలాను, నువ్వు ఇటు రాకు అని పెద్ద ఓడకు చెప్పాలి. అదే గంట, అవే దెబ్బలు, ఒడ్డున వింటున్న చిన్న పడవవాడికి మాత్రం రమ్మనే పిలుపు. రావద్దనీ రమ్మనీ ఒకే నాలుకతో చెప్పగలిగినది ఈ లోకంలో ఆ గంట ఒక్కటే అనిపిస్తుంది నాకు.

సూయెవిక్ ఓడా, నీకు దండం. 1907 మార్చి 17 రాత్రి, ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకు తిరిగి వస్తున్నావు. ఇల్లు చేరబోతున్న సంతోషం నీ నిండా ఉంది. లిజర్డ్ కొన దగ్గర మంచు కమ్మింది, గాలి హోరెత్తింది. దీపస్తంభం వెలుగు నీ వాళ్ళకు కనబడకపోలేదు. కనబడిన వెలుగు ఎంత దూరంలో ఉందో తెలియలేదు. మంచులో దీపం చేసే మోసం అదే, ఉన్నానంటుంది కానీ ఎంత దగ్గర ఉన్నానో చెప్పదు. లోతు చూసే సీసం గుండును నీటిలోకి దింపి ఉంటే అడుగు దగ్గరపడుతున్న సంగతి అదే చెప్పేది. దింపలేదు. పూర్తి వేగంతో వచ్చి రాళ్ళ మీదికెక్కావు. నీలో 500 మందికి పైగా ఉన్నారు. వాళ్ళలో చంటిపిల్లలే 70 మంది దాకా.

ఒడ్డున ఉన్నవాళ్ళు జాలర్లు, పొలం పనివాళ్ళు, అంగళ్ళవాళ్ళు. కాడ్జ్‌విత్, కవరాక్, పోర్త్‌లెవెన్, లిజర్డ్ అనే నాలుగు చిన్న రేవుల ప్రాణరక్షక పడవలు. మోటార్లు లేవు, తెడ్లే. రాళ్ళెక్కడ ఉన్నాయో వాళ్ళకు ఎరుకే కానీ ఆ రాత్రి వాటిలో ఒక్కటీ కనబడదు. చప్పుడు పట్టుకుని వెళ్ళారు. అలకు పైకి లేచి అలకు కిందికి పడే పడవలోకి ఓడ మీది నుంచి పసిపిల్లలను ఒక్కొక్కరిగా అందుకున్నారు. ఒడ్డుకు చేర్చి మళ్ళీ వెళ్ళారు. 16 గంటల పాటు వెళ్ళి వచ్చారు. ఆ నాలుగు పడవలు 456 మందిని తెచ్చాయి. మిగిలినవాళ్ళనూ ఇతర పడవలు చేర్చాయి. ఓడలో ఉన్న ఒక్క ప్రాణమూ పోలేదు. బ్రిటన్ ప్రాణరక్షక పడవల సంస్థ చరిత్రలో ఒకే ఓడ నుంచి ఇంతమందిని కాపాడిన రోజు మరొకటి లేదు. ఆ పడవలు తోసిన ఏ మనిషికీ జీతం లేదని గుర్తుంచుకోవాలి.

నీ కథ అక్కడితో అయిపోలేదు, సూయెవిక్. నీ ముందు భాగం రాళ్ళలో ఇరుక్కుని రానంది. డైనమైట్ పెట్టి నిన్ను రెండుగా కోశారు. వెనుక సగం తన ఇంజన్ల మీదే, తోక ముందు పెట్టుకుని, సౌతాంప్టన్ చేరింది. బెల్‌ఫాస్ట్‌లో నీకు కొత్త ముఖం కట్టి సముద్రం మీద లాక్కొచ్చి అతికించారు. 1908లో నువ్వు మళ్ళీ ఆస్ట్రేలియా దారి పట్టావు. చిక్కిన ఓడను విడిచిపెట్టని మనుషుల పట్టుదలకు కూడా ఈ దండకంలో చోటుండాలి.

జాక్ బిన్స్, నీకు దండం. నీకప్పుడు 24 ఏళ్ళు. 1909 జనవరి 23 తెల్లవారకముందు, అమెరికా తీరాన నాన్‌టకెట్ దగ్గరి మంచులో, నీ ఓడ రిపబ్లిక్‌ను ఫ్లోరిడా అనే ఇటలీ ఓడ వచ్చి పొడిచింది. నీ వైర్‌లెస్ గది గోడ పగిలిపోయింది. విద్యుత్తు పోయింది. బ్యాటరీలు వెతికి తెచ్చుకుని, చలికి కొయ్యబారిన వేళ్ళతో కీ నొక్కడం మొదలుపెట్టావు. మూడక్షరాల ఆపద పిలుపు, ఆ వెనుక ఓడ ఉన్న చోటు. ఒడ్డున ఉన్న కేంద్రం విన్నది, చుట్టూ ఉన్న ఓడలకు చెప్పింది. బాల్టిక్ అనే ఓడ తిరిగి బయలుదేరింది.

వినబడడం వేరు, దొరకడం వేరు. చోటు తెలిసి, దగ్గరికి వచ్చి కూడా బాల్టిక్ గంటల తరబడి మంచులో తడుములాడింది. రిపబ్లిక్ రాకెట్లు పేల్చింది, గంట మోగించింది. బాల్టిక్ ఇంజన్ ఆపి చెవి పెట్టింది, కొంచెం జరిగింది, మళ్ళీ ఆపి విన్నది. ఆ రెండు ఓడల నడుమ వైర్‌లెస్‌లో నడిచిన మాటలన్నీ ఒకటే ప్రశ్న, ఇప్పుడు వినబడుతున్నానా? ఆఖరుకు ఆ చప్పుడే దారి చూపింది. దాదాపు 1,500 మంది ఒక ఓడ నుంచి మరో ఓడకు చిన్న పడవల్లో మారి బతికారు. గుద్దిన దెబ్బకే పోయిన ఆరుగురిని ఎవరూ తిరిగి తేలేకపోయారు. రిపబ్లిక్ మరునాడు మునిగిపోయింది. గాలిలో పంపిన పిలుపు సముద్రం మీద ఇంతమంది ప్రాణాలు నిలపగలదని ఆనాడు లోకానికి రుజువైంది.

అదే నీళ్ళలో, 1956 జులై 25 రాత్రి, ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ఓడలు ఢీకొన్నాయి. రెండింటికీ రాడార్ ఉంది. రాడార్ ఉన్నంత మాత్రాన మంచు లొంగిపోలేదు. యూరప్ దారిలో పోతున్న ఇల్ ద ఫ్రాన్స్ అనే ఫ్రెంచి ఓడ వెనక్కి తిరిగి వచ్చి, తనకున్న దీపాలన్నీ వెలిగించుకుని నిలబడి, 750 మందికి పైగా ఎక్కించుకుంది. వెనక్కి తిరిగిన ఓడలన్నిటికీ దండం.

రాబర్ట్ ఫౌలిస్, నీకూ ఒక దండం బాకీ ఉంది. కెనడాలోని సెయింట్ జాన్ రేవు ముందున్న పార్ట్రిడ్జ్ దీవిలో 1859లో మోగిన ఆవిరి కూత నీ ఆలోచనే. మంచు రాత్రి ఇంటికి నడిచి వస్తుంటే నీ కూతురు వాయిస్తున్న పియానోలో మంద్ర స్వరాలు మాత్రమే నీదాకా వచ్చాయని, అక్కడే నీకు కిటుకు దొరికిందని చెప్పుకుంటారు. ఆ కథ ఎట్లా ఉన్నా శాస్త్రం నిజం. సన్నని ధ్వని దారిలోనే అరిగిపోతుంది, లోతైన ధ్వని దూరం పోతుంది. నీ కూత ఎందరినో ఇల్లు చేర్చింది. నువ్వు మాత్రం పేదవాడిగానే వెళ్ళిపోయావు.

మన తీరానికి వస్తాను. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర గుట్ట మీద శాంతపల్లి దీపస్తంభం ఉంది. కళింగపట్నం, భీమునిపట్నం నడుమ తిరిగే ఓడలకు నీటిలో దాగిన శాంతపల్లి రాళ్ళ జాడ చెప్పడానికి 1847లో దాన్ని నిలబెట్టారు. దీపం ఉన్నచోట రాయి ఉందని అర్థం. మన ఒడ్డు పొడవునా ప్రతి దీపం వెనుకా అట్లాంటి భయమొకటి ఉంది.

ఇంకా దక్షిణానికి వస్తే గోదావరి నోరు. అక్కడ రాళ్ళు లేవు, ఉన్నది ఒండ్రు. మా మానేరు మట్టి కూడా అందులో ఉంటుంది. నది ప్రతి వరదకూ కొత్త మెరకలు పోస్తుంది, పాత మెరకలు కోస్తుంది. నిరుటి పటంలో లోతున్న చోట ఈ ఏడు దిబ్బ ఉంటుంది. ఒడ్డు ఎంత పల్లమంటే తేట పగలు కూడా సముద్రం మీది నుంచి నేలను గుర్తుపట్టడం కష్టం, ఇక మంచు పడితే చెప్పేదేముంది. 1867 జూన్ 19న సాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక ఆ మెరకకు తగిలింది. ఓడ దక్కలేదు. మనుషులు మాత్రం అందరూ దక్కారు. జనరల్ హేవ్‌లాక్ అనే స్టీమరు వాళ్ళను మద్రాసుకు చేర్చింది. ఎక్కడో పసిఫిక్ దిక్కున కాలిఫోర్నియాలో పారే నది పేరు పెట్టుకున్న ఓడ, గోదావరి మెరకకు ఆ పేరును విడిచిపోయింది. నావికుల పటాలలో అది ఈనాటికీ సాక్రమెంటో షోల్. అక్కడి దీపస్తంభమూ సాక్రమెంటో పేరుతోనే వెలుగుతుంది. చిక్కిన ఓడ పేరే తరువాతివాళ్ళకు హెచ్చరికగా మిగిలింది.

పెద్ద ఓడలకు పుస్తకాలున్నాయి, పేర్లున్నాయి. మన వేట పడవకు అంతంత చరిత్ర ఎవరూ రాయరు. శ్రీకాకుళం తీరం నుంచి కూలికోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్ళి పరాయి పడవల మీద వేట చేసేవాళ్ళున్నారు. 2018 నవంబరులో అట్లా వెళ్ళినవాళ్ళు నీటి సరిహద్దు దాటారని పాకిస్తాన్‌వాళ్ళు పట్టుకున్నారు. కరాచీ జైలులో ఏడాదికి పైగా ఉన్నాక 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. నేల మీద సరిహద్దుకు కంచె ఉంటుంది, రాయి ఉంటుంది. నీటి మీద గీత తేట పగలే కనబడదు. ఇంటి దగ్గర వాళ్ళ భార్యలు అన్ని నెలలూ కలెక్టర్ల దగ్గరికీ మంత్రుల దగ్గరికీ తిరిగి అడుగుతూనే ఉన్నారు. ఆపకుండా మోగిన ఆ గంటకు కూడా దండం.

కొమురవెల్లి మల్లన్న జాతర మా దగ్గర సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడుస్తుంది. మొదటి ఆదివారాలు మంచు రోజులే. మబ్బులనే లేచి బోనాలు వండుకునే కుటుంబాలు, బండారి చల్లుకున్న శివసత్తులు, ఒగ్గు డోళ్ళు. పక్క మనిషి ముఖం కనబడని తెల్లదనంలో అంత జనం గుట్ట దిక్కు నడుస్తారు. ఏదో ఒక బిడ్డ తల్లి కొంగు విడిచి తప్పిపోతుంది. అప్పుడు మైకులో ఆ బిడ్డ పేరు, వేసుకున్న గౌను రంగు, ఏ ఊరో, ఎక్కడ నిలబెట్టారో పదే పదే చెబుతారు. వెతికేవాళ్ళు పరుగెత్తడం మాని ఆ మాట దిక్కు నడుస్తారు. సముద్రం మీద జరిగేది కూడా ఇంతే. తప్పిపోయినవాళ్ళు ఉన్నచోట నిలిచి పిలవాలి, వెతికేవాళ్ళు నిదానించి వినాలి.

ఇప్పుడు ఆ వినే చెవి మనకు చాలా దగ్గరలో ఉంది. సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి మీద 100 కిలోమీటర్లు పోతే హైదరాబాద్. అక్కడ ప్రగతి నగర్‌లో, ఏ అలా తగలని మెట్ట నేల మీద, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉంది. ఇన్‌కాయిస్ అంటారు. 1999లో పెట్టారు. సునామీ హెచ్చరిక ఇచ్చేది అక్కడి నుంచే, రేపు అల ఎంత ఎత్తు లేస్తుందో మత్స్యకారులకు చెప్పేదీ అక్కడి నుంచే. 2016లో ఆ కేంద్రం సారట్ అనే సాధనాన్ని తెచ్చింది. ఒక పడవ తప్పిపోయిందనుకుందాం. దాన్ని ఆఖరుగా ఎక్కడ చూశారు, ఎన్ని గంటలకు చూశారు, అది ఏ రకం పడవ అని అడుగుతుంది. గాలి, నీటి ప్రవాహం ఆ పడవను ఎటు నెట్టి ఉంటాయో లెక్కగట్టి, ఎక్కడ వెతికితే దొరికే అవకాశం ఎక్కువో పటం మీద చూపుతుంది. పడవ వేరు, తెప్ప వేరు, నీటిలో ఒంటరిగా తేలుతున్న మనిషి వేరు. గాలి ఒక్కొక్కదాన్ని ఒక్కో తీరుగా తోస్తుంది కనుక అట్లాంటి 60 రకాలకు విడివిడిగా లెక్కలున్నాయి. ఆ పటం చేతబట్టుకుని తీర రక్షక దళం ఓడ బయలుదేరుతుంది.

సముద్రం చూడని నేల మీద కూర్చుని, మంచులో తప్పిపోయిన మత్స్యకారుడి కోసం రాత్రంతా లెక్కలు కట్టే ఆ మనుషులకు దండం. కాడ్జ్‌విత్ రేవులో తెడ్డు పట్టినవాడూ ప్రగతి నగర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడూ నా లెక్కలో ఒకే పడవలోవాళ్ళు.

అయితే ఆ లెక్క మొదలయ్యేది ఇంటి దగ్గర. పడవ ఎప్పుడు పోయిందో, ఎటు పోయిందో, ఆఖరుగా ఫోన్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగేవాళ్ళు ఇంటివాళ్ళే. గంట ఆలస్యమైతే వెతకవలసిన నీరు మైళ్ళ కొద్దీ పెరుగుతుంది. తీరంలో అన్నదమ్ములు, అల్లుళ్ళు, స్నేహితులు ఉన్న పాఠకులకు నా విన్నపం ఇదే. పడవ బయలుదేరినప్పుడు వేళ, దిక్కు, ఎందరు ఎక్కారన్నది రాసి ఉంచుకోమని చెప్పండి. రావలసిన వేళకు రాకపోతే రేపు చూద్దామని ఆగవద్దని చెప్పండి. సముద్రంలో ఆపదకు భారత తీర రక్షక దళం నంబరు 1554. దాన్ని ఈ రోజే వాళ్ళ ఫోన్‌లో రాయించండి.